బ్యాక్‌హ్యాండు లేని మార్కరు

దాసు పోయాడని వాళ్లబ్బాయి ఫోన్ చేసినప్పుడు నేను గుమ్మంలో కూర్చుని గోళ్లు తీసుకుంటున్నాను. చొక్కా తొడుక్కుని దొరికిన బస్సెక్కి విశాఖపట్నం వెళ్లాను. నేను చేరేసరికి అంతా అయిపోయింది. ఇంటిముందు షామియానా కింద పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. వాళ్లలో నా ఈడు పెద్దాయన ఒకరు మర్యాదకి అడిగారు, "దాసుగారు మీకెలా తెలుసండీ?" అని. నేను బంధువుని కాను, ఆ ఊరివాణ్నీ కాను. "ఒకే ఉద్యోగానికి ఇద్దరం పోటీ పడ్డామండీ. ఆయన నెగ్గాడు" అన్నాను. హాస్యమాడాననుకుని ఆయన నవ్వారు. తిరిగొస్తూ బస్సులో దారంతా ఆ ఎండాకాలమే కళ్లముందు తిరిగింది. యాభై ఏళ్లు దాటినా ఆ సంగతి ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. తెలిసినవాళ్లలో ఇక నేనొక్కణ్నే మిగిలాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

మా నాన్న అప్పన్న విజయనగరంలో ఒక క్లబ్బుకి టెన్నిస్ మార్కరు. ఆ మాట ఇప్పుడు చాలామందికి తెలియదు. సాయంత్రం క్లబ్బుకొచ్చే ప్లీడర్లకీ డాక్టర్లకీ జోడీ దొరక్కపోతే వాళ్లతో ఆడేది, కొత్తవాళ్లకి ఆట నేర్పేది, బ్యాటు తీగలు తెగితే బిగించేది, కోర్టుని కనిపెట్టుకుని ఉండేది మార్కరే. సరదాకి కాకుండా జీతానికి టెన్నిస్ ఆడేవాడన్నమాట. క్లబ్బు వెనక గోడకి ఆనుకుని రెండు గదుల పెంకుటిల్లు మాకిచ్చారు. తెల్లవారుతూనే మా అమ్మ పైడమ్మ పేడ కలిపేది. అప్పటి కోర్టు ఎర్రమట్టి పరిచి, రోలరు దొర్లించి, పైన పేడతో అలికింది. ఇంటి వాకిలి అలికినట్టే అమ్మ నడుం వంచి ఆ చివర నుంచి ఈ చివరకి అలుక్కుంటూ వచ్చేది. ఆరాక నాన్న తాడు పట్టి సున్నంతో గీతలు గీసేవాడు. తడిపేడ, తడిసున్నం, పొయ్యి మీద ఉడికే చోడి అంబలి, నాన్న బ్యాట్ల చెక్కకి రాసే నూనె, ఇవన్నీ కలిసిన వాసనతోనే నాకు తెల్లవారేది. మధ్యాహ్నం నాన్న బ్యాట్లన్నీ చెక్కచట్రాల్లో పెట్టి మరలు బిగించి, అరుగు మీద వెల్లకిలా పడుకునేవాడు. నిద్రలో కూడా ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర చిన్నగా కదులుతుండేది.

నాన్న చిన్నప్పుడు బంతులు ఏరడానికి చేరి చూసి చూసి ఆట పట్టుకున్నవాడు. ఆయనకెవరూ పాఠం చెప్పలేదు. కానీ ఒకరి ఆటలో లోపం ఎక్కడుందో ఆయన పట్టేసినంత బేగి నేను తర్వాత ఎవరినీ చూడలేదు. ప్లీడరుగారికి మోకాలి కింద బంతి పడదు. డాక్టరుగారు వెనక్కి పరిగెత్తలేరు. నాన్న రోజూ సరిగ్గా ఆ చోటుకే నాలుగైదు బంతులు వేసేవాడు, వాళ్లు తిరిగి కొట్టగలిగినంత మెల్లగా. వారం పోయాక కాస్త జోరు పెంచేవాడు. "లోపమున్నాదని సెప్తే బాబులకి కోపమొస్తాది. బాగయ్యాక సెప్తే సంతోసిస్తారు" అనేవాడు. తన లోపం మాత్రం ఆయన బాగుచేసుకోలేదు. ఆయనకి బ్యాక్‌హ్యాండు, అంటే ఎడమవైపు దెబ్బ, లేదు. ఎడమవైపు వచ్చిన బంతికి చుట్టూ పరిగెత్తి దాన్ని కుడివైపుకి తెచ్చుకుని కొట్టేవాడు. కాళ్లు చురుకైనవి కాబట్టి అలా గడిచిపోయింది. నేను ఆయన్ని చూసే ఆట నేర్చుకున్నాను. ఆ చుట్టూ పరిగెత్తే అలవాటు నాకూ వచ్చింది, ఆ కాళ్లు మాత్రం రాలేదు.

ఒక చలికాలం చివర, సాయంత్రం ఆటలో, నాన్న సర్వీసుకి బంతి ఎగరేశాడు. బంతి కిందపడింది, వెనకే బ్యాటూ పడింది. తీసుకోవడానికి వంగినవాడు అలాగే పక్కకి ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి. మాట ముక్కలు ముక్కలుగా మిగిలింది, అది కూడా అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. నేను పి.యు.సి. తప్పి ఇంట్లో ఉన్నాను. మర్నాటి నుంచి నాన్న బదులు నేను కోర్టులోకి దిగాను. మెంబర్లు జాలిపడి కొన్నాళ్లు ఏమీ అనలేదు. చైత్రం వెళ్లాక ఒకరోజు ప్లీడరుగారు పిలిచారు. క్లబ్బుకి సెక్రటరీ ఆయనే. వరండాలో పేపరు చదువుతున్నారు.

"ఒరే సూరీ, చూశావా ఇది. లండన్‌లో కూడా ఇక నుంచి జీతానికి ఆడేవాళ్లనీ సరదాకి ఆడేవాళ్లనీ ఒకే పోటీలో ఆడనిస్తారట. మీ మార్కర్లకి మంచిరోజులు" అన్నారు. తర్వాత పేపరు మడిచి, "నువ్వు బుద్ధిమంతుడివే. కానీ నీకు ఎడమవైపు ఆట లేదని అందరూ అంటున్నారు. ఆట లేనివాడు ఏం నేర్పుతాడని అడుగుతున్నారు. వాల్తేరు నుంచి దాసు అని ఒక మార్కరు వస్తానంటున్నాడు. రోహిణి కార్తె వెళ్లేలోపు మీ ఇద్దరికీ ఆట పెడతాం. నెగ్గినవాడికి పని" అన్నారు.

"ఓడిపోతే మా ఇల్లు బాబూ?"

"ఇల్లు మార్కరుది కదరా" అన్నారాయన. గొంతులో కోపం లేదు. నేను వరండా మెట్ల కింద నిలబడి ఉన్నాను, ఎందుకంటే మార్కర్లు ఆ మెట్లెక్కకూడదు.

నలభై రోజులు కూడా లేవు. మెంబర్లెదుట తప్పులు చేస్తే ఇంకా చులకనైపోతానని, ఊరి చివర గోగునార గోడౌను వెనకగోడ దగ్గరికి పోయి కొట్టేవాణ్ని. పొద్దున్న కోర్టు పనయ్యాక వెళ్తే ఎండ నడినెత్తికొచ్చేదాకా అక్కడే. గాలిలో నార దుమ్ము ఎగిరి గొంతులో గరగరలాడేది. ఎడమవైపు కొట్టిన బంతి గోడకి ఎక్కడ తగులుతుందో, తగిలి ఎటు పోతుందో నాకే తెలిసేది కాదు. సగం పొద్దు బంతి వెనక తుప్పల్లో పరిగెత్తడమే. క్లబ్బులో పాత ఇంగ్లీషు పత్రిక ఒకటి దొరికితే, అందులో ఎవరో పెద్ద ఆటగాడు బ్యాక్‌హ్యాండు కొడుతున్న బొమ్మ చూసి, రోజూ ఆ బొమ్మలో ఉన్నట్టు నిలబడేవాణ్ని. చెయ్యి ఎక్కడ ఆగిందో బొమ్మలో కనిపించేది. ఎక్కడ బయల్దేరిందో ఎవరు చెప్తారు? పట్టు మార్చాను. పాత పట్టుకి మళ్లీ వచ్చాను. అరచేతిలో పొక్కులు లేచి, చితికి, వాటి మీదే మళ్లీ లేచాయి. రెండు వారాలయ్యేసరికి మొదటిరోజు కంటే అధ్వాన్నంగా కొడుతున్నాను. ఒకరోజు గోడకి నుదురానించి ఏడ్చాను. ఎవరూ చూడలేదనుకున్నాను గానీ, గోడౌనులో నారమోపులు కట్టే ఆడవాళ్లు చూసి అమ్మతో చెప్పారు.

ఆ సాయంత్రం అమ్మ నా చెయ్యి తిప్పి చూసి పసుపూ నూనే రాస్తూ, "ఏటిరా ఇది. సెయ్యా, సీరేసిన సేపా?" అంది.

"నావల్ల కాదే అమ్మా. ఆడొస్తాడు, నా ఎడంపక్కకే కొడతాడు, అయిపోతాది. మన సామాన్లు ఇప్పుణ్నించే సర్దుకో" అన్నాను.

అమ్మ పసుపుగిన్నె పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా, "మరేటి సేద్దాం. ఈ మనిసినెత్తుకుని ఏ ఊరెల్దాం?" అంది. మంచం మీద నాన్న వింటున్నాడన్న సంగతి ఇద్దరం మర్చిపోయాం.

మంచం పట్టె మీద టకటకమని చప్పుడైంది. నాన్న ఎడమచేత్తో కొడుతున్నాడు. వెళ్లాను. గోడకి చేరవేసి కూర్చోబెట్టమని సైగ చేశాడు. నన్ను తన ఎదురుగా నేలమీద కూర్చోమన్నాడు. విసనకర్ర చేతికివ్వమన్నాడు. ఆ విసనకర్ర ఎడమచేత్తో పట్టుకుని, నెమ్మదిగా, గాలిలో ఒక దెబ్బ కొట్టి చూపించాడు. జీవితంలో ఎన్నడూ తాను కొట్టని దెబ్బ. ఇన్నేళ్లూ ఎందరో కొడుతుంటే వలకి అవతల నిలబడి చూసిన దెబ్బ. ఆయన ఎడమచేత్తో చూపిస్తున్నాడు, నేను ఎదురుగా ఉన్నాను, కాబట్టి అద్దంలో చూసినట్టు అది నా కుడిచేతి బ్యాక్‌హ్యాండై కనిపించింది. "బు... బుజం" అన్నాడు. మళ్లీ చేశాడు. అప్పుడు చూశాను. చెయ్యి కదలకముందే భుజం తిరుగుతోంది. బంతి దగ్గరికొచ్చేసరికి కొట్టేవాడు వీపు సగం బంతికి చూపిస్తాడు, ఆ తర్వాతే చెయ్యి వస్తుంది. నేను ఇన్నాళ్లూ బంతిని ముఖాముఖి చూస్తూ ఒట్టి చేత్తో తోస్తున్నాను.

ఆ రోజు నుంచి పొద్దున్న మంచం ఎదుట, తర్వాత గోడ దగ్గర, సాయంత్రం కోర్టులో మెంబర్లతో, రాత్రి అన్నానికి ముందు మళ్లీ మంచం ఎదుట. నాన్న చెయ్యి నొప్పెట్టేదాకా చూపించేవాడు. చొంగ కారుతుంటే అమ్మ కొంగుతో తుడిచేది. నేను తప్పుగా తిప్పితే కళ్లు మూసుకునేవాడు, సరిగా తిప్పితే తెరిచేవాడు. వారం గడిచాక, గోడకి తగిలిన బంతి మళ్లీ నేను నిలబడ్డ చోటికే రావడం మొదలైంది. ఒకటి, రెండు, అయిదు, పన్నెండు. నేను పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి పన్నెండు అని చెప్పాను. నాన్న విసనకర్ర ఎత్తి నా నెత్తిమీద కొట్టాడు. అదే మెచ్చుకోలు. ఒక్క పొరపాటు చేశాం, ఇద్దరం. ఆ రోజుల్లో నేను కుడివైపు దెబ్బ ఒక్కటి కూడా సాధన చెయ్యలేదు. అది ఎలాగూ వచ్చుననుకున్నాం.

ఆటరోజు రోహిణి ఎండకి పేడ అలికిన కోర్టు పెచ్చులు లేచింది. దాసు పొద్దుటి పాసింజరులో దిగి స్టేషను నుంచి నడిచొచ్చాడు. నాకన్నా మూడేళ్లు పెద్దవాడై ఉంటాడు. నల్లగా, సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. భీమిలి దగ్గర సముద్రమ్మీద బతికే పల్లె వాళ్లది. కేన్వాసు బూటుకి బొటనవేలి దగ్గర చిల్లు. నన్ను చూసి, "మీ అయ్యగారు ఎలాగున్నారు?" అని అడిగాడు. నేను వినపడనట్టు పక్కకి పోయాను. అమ్మా నేనూ నాన్నని ఎత్తుకొచ్చి, కోర్టు చుట్టూ కట్టిన తాడుకి అవతల కూర్చోబెట్టాం. డాక్టరుగారు చెప్తే క్లబ్బు కుర్చీ ఒకటి ఇచ్చారు. ఇరవై ఏళ్లు పనిచేసిన చోట నాన్న కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

దాసుకి ఎవరో చెప్పే ఉంటారు, మొదటి బంతి నుంచీ నా ఎడమవైపుకే వేశాడు. భుజం తిప్పాను. బంతి వల మీదుగా పోయి గీతమీద పడింది. మళ్లీ వేశాడు, మళ్లీ పడింది. చూస్తున్నవాళ్లు గుసగుసలాడుకున్నారు. మొదటి సెట్టు నాదే. అప్పుడు దాసు వల దగ్గరికొచ్చి బూటు తాడు కట్టుకుంటూ నన్ను ఒక్కసారి చూశాడు. రెండో సెట్టులో మొదటి బంతి నా కుడివైపుకి వేశాడు. నేను కొట్టింది తాడు దాటి పోయింది. ఇంకోటి వేశాడు, అది వలలో పడింది. ఇన్నాళ్లూ పట్టు మార్చుకున్న చెయ్యి పాత పట్టు మర్చిపోయింది. నా చిన్నప్పటి దెబ్బ, నాన్నని చూసి నేర్చుకున్న ఒకే ఒక్క మంచి దెబ్బ, ఎంత వెతికినా దొరకలేదు. మూడో సెట్టులో నేను గెలిచినవి రెండే గేములు. చివరి బంతి కూడా కుడివైపే పోగొట్టుకున్నాను. ప్లీడరుగారు వచ్చి నా వీపు తట్టి, "బ్యాక్‌హ్యాండు భలే బాగుచేసుకున్నావురా" అన్నారు.

వారంలో ఇల్లు ఖాళీ చేశాం. పాతబస్తీ సందులో ఒక గదిలోకి మారి, నేను గోగునార గోడౌనులోనే మోపులెత్తే పనిలో చేరాను. రోజూ ఆ గోడ అవతలివైపు నిలబడి పనిచెయ్యడం. కొత్త గదికి అలకడానికి వాకిలి లేదు. అమ్మ చేతులు ఖాళీగా ఉండలేక అలికిన పొయ్యిగట్టునే మళ్లీ అలికేది. నాన్న మాట్లాడే ఆ కాస్తా మానేశాడు, గంజి నోట్లో పోస్తే బయటికొదిలేసేవాడు. ఏం తప్పు చేశానో ఆలోచించి ఆలోచించి నాకు మతి చెడిపోయేలా ఉండేది.

ఒక ఆదివారం గుమ్మంలో దాసు నిలబడ్డాడు. చేతిలో ఆకులో చుట్టిన కవళ్లు. "మా ఊరి సేపలమ్మా" అని అమ్మకిచ్చి, లోపలికొచ్చి నాన్న మంచం పక్కన నేలమీద కూలబడ్డాడు.

"బాబూ, నాకు తలమీదికొచ్చిన బంతి రాదు. ఎండలోకి సూసి కొట్టాలంటే కాళ్లు కట్టేసినట్టుంటాది. ఆ రోజు మీవోడు నాలుగు బంతులు పైకేసుంటే నాను ఓడిపోదును. వల కాడికి ఊరికే వొచ్చీసీవోణ్ని గదా. ఈడు సూడలేదు. మీరు సూసీసినారు. కుర్చీలో కూకుని ఎడం సెయ్యి పైకెత్తతానే ఉన్నారు, నాను సూస్తానే ఉన్నాను. వచ్చీ ఏడు నామీదికి ఇంకోణ్ని తెస్తారు. ఆడు సూస్తాడు. నాకా దెబ్బ నేర్పండి."

ఆట మధ్యలో నాన్న చెయ్యెత్తడం నేను చూశాను. రెండుసార్లో మూడుసార్లో. ధైర్యం చెప్తున్నాడనుకున్నాను. ఒకసారి దాహమనుకుని నీళ్లివ్వమని అమ్మకి సైగ చేశాను కూడా.

నాన్న దాసుని చూస్తూ ఉన్నాడు. తర్వాత పట్టె మీద టకటకమని కొట్టాడు. విసనకర్ర కావాలన్నాడు.

"అయ్యా, ఈడికా?" అన్నాను. "మన కూడు లాక్కున్నోడికి నేర్పుతావా?" నాన్న నావైపు చూడలేదు. నేను దాసుని ఏమేమో అన్నాను, అవి ఇక్కడ రాయలేను. అతను తల వంచుకుని విన్నాడు. నేను బయటికొచ్చి నేరుగా స్టేషనుకి పోయి ఆమదాలవలస రైలెక్కాను. అక్కడ రైసుమిల్లులో పనిచేసే మా మావ ఇంట్లో ఉండిపోయాను. ఉండిపోయానంటే తిన్నది లేదు, పడుకున్నది లేదు. ఒక మధ్యాహ్నం నాగావళి వంతెన మీద నిలబడి చాలాసేపు నీళ్లు చూశాను. ఆ దారినొచ్చిన మావ నన్ను చూశాడు, ఎందుకు నిలబడ్డానో అర్థమై ఉంటుంది. అమ్మకి కబురు పంపాడు.

అమ్మ మర్నాడు పాసింజరులో వచ్చింది. తెలిసినవాళ్లని అడుగుతూ మిల్లుదాకా నడిచొచ్చి, వడ్లబస్తా మీద కూర్చుని చెమట తుడుచుకుంది.

"ఇంటికి నడు."

"ఆడు వస్తన్నాడా?"

"వస్తన్నాడు. ఆడొచ్చిన రోజే మీ అయ్య గంజి మింగుతన్నాడు." కొంగు దులుపుకుని అంది, "నీకు పనొకటే పోయిందిరా. ఆయనకి సెయ్యి పోయింది, మాట పోయింది, కోర్టు పోయింది. నేర్పడమొకటే మిగిలున్నాది. అదీ ఒదిలీమని సెప్పడానికి నీకు నోరెలాగొచ్చింది?"

ఆ పూట రైలుకే ఇద్దరం విజయనగరం తిరిగొచ్చాం.

ఆ తర్వాతి ఆదివారం గది వెనక ఖాళీ స్థలంలో నాన్నని మంచంతో సహా బయటపెట్టాం. దాసు బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. నాన్న చూపించగలడు గానీ బంతి వెయ్యలేడు. ఎవరో ఒకరు వెయ్యాలి. నేను వేశాను. మొదట్లో కసితో సూర్యుడికి అడ్డంగా వేశాను, అతను ఒక్కటీ కొట్టలేకపోయాడు. నాన్న కళ్లు మూసుకున్నాడు. ఆ కళ్లు మూసుకోవడం దాసు కోసం కాదని నాకు తెలుసు. తర్వాతి బంతి అతను కొట్టగలిగినంత ఎత్తుకే వేశాను. వానలు పడి, వెలిసి, చలి మొదలయ్యేదాకా ప్రతి ఆదివారం వేస్తూనే ఉన్నాను. ఆ చలికే నాన్న పోయాడు. పాడెకి ముందువైపు నేనూ దాసూ భుజం పెట్టాం.

మరుసటి ఏడు దాసు మీదికి నిజంగానే ఇంకొకణ్ని తెచ్చారు. అతను పైకి వేసినవన్నీ దాసు నేలకి కొట్టాడు. కొన్నేళ్లకి విశాఖపట్నంలో ఇంకా మంచి పని దొరికి వెళ్లిపోతూ, కమిటీతో నా పేరు చెప్పి, నాకు పోటీ పెట్టకుండా ఆ ఉద్యోగం ఇప్పించి మరీ వెళ్లాడు. నేను రిటైరయ్యేదాకా అక్కడే నేర్పాను. ఇప్పుడు సాయంత్రాలు స్టేడియం వైపు నడిచినప్పుడు పిల్లల ఆట చూస్తుంటాను. దెబ్బ తప్పితే ఆగి, ఫోన్లో తీసిన వీడియోలో తమ చెయ్యి ఎలా కదిలిందో తామే నెమ్మదిగా తిప్పి చూసుకుంటారు. నేను ఒక బొమ్మ పెట్టుకుని రెండు వారాలు చచ్చినదాన్ని వాళ్లు ఒక్క పూటలో పట్టేస్తున్నారు. ఓడిపోతే ఇల్లు వదలాల్సిన అవసరం వాళ్లకి లేదు. సంతోషమే. మేము పడ్డదేదో గొప్పదని నేననను, ఎవరూ అలా నేర్చుకోకూడదు. కాకపోతే, తన లోపాన్ని తన మీదే ప్రయోగించడానికి అందరికంటే ఎక్కువ కారణమున్నవాడి ఇంటికి తిన్నగా వచ్చి, తనకి రానిదేదో కూర్చుని చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఎన్నేళ్లు నేర్పినా నాకూ అంత ధైర్యం రాలేదు.

నాన్న పోవడానికి కొద్దిరోజుల ముందు, అమ్మ నీళ్లకి వెళ్లినప్పుడు, ఆయన పక్కన కూర్చుని అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"అయ్యా, ఆ రోజు నువ్వు సెయ్యెత్తింది నాకోసమేనా? పైకి ఎయ్యమని సెప్తన్నావా?"

నాన్న నన్ను చాలాసేపు చూశాడు. పెదవి వంకర్లు పోయింది. ఒక్కో అక్షరం లోపలి నుంచి లాగుతున్నట్టు లాగి, చివరికి ఒక మాట అన్నాడు.

"ఈగ."

అర్థం కాలేదనుకున్నాడేమో, ఎడమచెయ్యి మెల్లగా పైకెత్తి, ముఖం ముందు నుంచి ఏదో తోలినట్టు ఊపి చూపించాడు. "ఈగరా" అన్నాడు మళ్లీ, నేను దెబ్బ సరిగా తిప్పినప్పటిలా కళ్లు తెరిచే ఉంచి.